పండుగప్పకు గాలపు కర్ర ఎంచిన వారం

పోయిన ఆదివారం నడకకి కొత్త బూట్లు కావాలని మా ఆవిడ అంటే జురాంగ్ ఈస్ట్ స్టేషను పక్కనున్న మాల్‌లో ఆటల సామాన్ల షాపుకి వెంట వెళ్ళాను. మోకాళ్ళ నొప్పుల వయసులో ఒక జత బూట్లు ఎంచడానికి పట్టే సమయం పెళ్ళినాటి పట్టుచీరలన్నిటికీ కలిపి కూడా పట్టలేదని అక్కడ నిలబడ్డాకే తెలిసింది. కూర్చుందామంటే కుర్చీ లేదు. ఆ ఆటసామాన్ల షాపులోనే అటూ ఇటూ తిరుగుతూ చివరి వరసకి వెళ్ళేసరికి గోడకి ఆనించి పదిహేను ఇరవై గాలపు కర్రలు నిలబెట్టి ఉన్నాయి, నల్లగా, సన్నగా, నిగనిగలాడుతూ. షాపులో పనిచేసే అమ్మాయి దగ్గరికొచ్చి ఏ చేపకి కావాలి అంకుల్ అని అడిగింది. నేనేం చేశానో నాకే తెలియలేదు. ఒక కర్ర అందుకుని, పిడి పట్టుకుని కళ్ళు మూసుకుని, దాని కొసని నీ గోటితో కొంచెం గీకమ్మా అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసింది. కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ ఒక కాలికి కొత్త బూటు, ఇంకో కాలికి పాత చెప్పుతో వరస చివర నిలబడి చూస్తోంది. ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికి వచ్చేదాకా అనలేదు.

ఆ మౌనం సంగతి తెలియాలంటే మీకు పాతికేళ్ళ నాటి కథ ఒకటి చెప్పాలి. మన తరం వాళ్ళకి వై టూ కే అంటే వివరించనక్కర్లేదు. కంప్యూటర్ అంటే ఏ వైపు నుంచి వెలుగుతుందో తెలియనివాడు కూడా అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ నేర్చుకుని విమానం ఎక్కేసిన రోజులు. నేనూ అలా ఎక్కినవాణ్ణే. నాకున్న అనుభవం నిజానికి ఏడాదిన్నర. మా కన్సల్టెన్సీ ఆయన రెజ్యూమెలో దాన్ని నాలుగేళ్ళు చేశాడు. ఎక్స్‌పీరియన్స్ పెట్టడం అనేవాళ్ళం దాన్ని, అన్నంలో నెయ్యి వేసినంత మామూలుగా. అందరూ పెట్టుకునేవాళ్ళు, ఎవరూ సిగ్గుపడేవాళ్ళు కాదు, ఒక్క భయం మాత్రం అందరికీ ఉండేది. అది చాలదన్నట్టు ఆయన చివర్లో హాబీలు అని రాసి దాని పక్కన చేపలు పట్టడం అని కొట్టాడు. ఇదేమిటండీ బాబూ, నేను జన్మలో గాలం పట్టలేదు అంటే, సింగపూర్లో ఆ బ్యాంకు మేనేజరుకి అదే పిచ్చిట, ఎవరో చెప్పారు, నోరు మూసుకుని సంతకం పెట్టు అన్నాడు. పెట్టాను.

ఫోనులో జరిగిన ఇంటర్వ్యూలో ఆ మేనేజరు కోబాల్ గురించి పది నిమిషాలు, చేపల గురించి అయిదు నిమిషాలు అడిగాడు. మాది కాకినాడ. తినడంలో మాకెవరూ సాటిరారు గానీ మా ఇంట్లో తాతముత్తాతల నుంచి అందరూ గుమాస్తాలు, మేష్టర్లు. చేప మా గుమ్మంలోకి గంపలో వచ్చేది, సముద్రంలో ఎలా ఉంటుందో మాకేం తెలుసు? అయినా ఉద్యోగం మీది ఆశ నోరు ఊరుకోనివ్వలేదు. మా ఇంటి వెనకే సముద్రమనీ, చిన్నప్పటి నుంచీ పండుగప్ప పట్టేవాడిననీ, పెద్ద తల, వెండి పొలుసులు, నీళ్ళలోంచి ఎగిరి తల విదిలిస్తుందనీ, గంపలావిడ మా అమ్మకి చెప్పిన కబుర్లన్నీ నావి చేసుకుని కోతలు కోశాను. ఆయన అవతల నుంచి, ఓ, సియకాప్, అని ఒక్క మాట అన్నాడు. మలయ్‌లో మన పండుగప్పని అలా అంటారట. నెల తిరక్కుండా ఇక్కడ పనిచెయ్యడానికి పాస్ వచ్చింది.

రెండేళ్ళు హాయిగా గడిచిపోయాయి. ఆయన చేపల ఊసు మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. సన్నటి మనిషి, యాభై దాటినవాడు, చైనీయుడు, మాట్లాడితే ముత్యాలు రాలతాయన్నట్టు ఉండేవాడు. కొత్త సంవత్సరం వచ్చింది, ప్రపంచం ఏమీ మునిగిపోలేదు, మా పని మాత్రం అయిపోయింది. టీములో సగం మందిని పంపించేస్తారన్న మాట గుప్పుమంది. అదే సమయంలో మా పక్క వరసలో కూర్చునే మనవాడొకడి సర్టిఫికెట్ నకిలీదని తేలింది. పొద్దున్న టీ తాగుతూ నాతో మాట్లాడినవాడు మధ్యాహ్నానికి సీట్లో లేడు, మర్నాటికి సింగపూర్లోనే లేడు. అతని కుర్చీ మీద వేలాడే స్వెట్టరు వారం రోజులు అలాగే ఉండిపోయింది, నేను దాని పక్కగా పోకుండా చుట్టూ తిరిగి వెళ్ళేవాణ్ణి.

నా పాస్ గడువు ఆ నెలాఖరుకి. మా ఆవిడకి ఆరో నెల వెళ్ళి ఏడో నెల వచ్చింది. మాకు పెళ్ళయిన నాలుగేళ్ళకి నిలిచిన కడుపు, అంతకు ముందు రెండుసార్లు పోయింది. ఈసారి కూడా మొదట్లో నానా ఇబ్బందీ పడితే ఇక్కడి డాక్టరమ్మే కాపాడింది, ప్రయాణం అనే మాట తలపెట్టొద్దని గట్టిగా చెప్పింది. పాస్ రద్దయితే ప్రయాణం కట్టాల్సిందే మరి. అంటే నా ఉద్యోగం పోతే ఒక్క ఉద్యోగం పోవడం కాదు. రాత్రి పక్కన పడుకున్న మనిషి ఊపిరి లెక్కపెడుతూ మేలుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం పొద్దున్న మేనేజరు నా బల్ల దగ్గర ఆగాడు. ఆయన గాలపు కర్ర కారు డిక్కీ తలుపు పడి విరిగిపోయిందట. “శాటర్డే యు ఫ్రీ ఆర్ నాట్? నువ్వు సముద్రం మనిషివి కదా, యు చూజ్ ఫర్ మీ, లా. సండే మార్నింగ్ పాసిర్ రిస్ బీచ్. సియకాప్.” అని, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర ఓ లా తగిలించి, రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, నీ రెన్యువల్ సంగతి కూడా ఆ తర్వాత మాట్లాడుకుందాం అన్నాడు. హాబీ అబద్ధమని తెలిస్తే నవ్వి ఊరుకుంటాడని మీరనుకోవచ్చు. కాగితంలో చివరి వాక్యం అబద్ధమైతే ఎవరైనా ఏం చేస్తారు? పై వాక్యాలన్నీ మళ్ళీ చదువుతారు. నాలుగేళ్ళు అని రాసినచోట ఆగుతారు. ఆ స్వెట్టరు ఉన్న కుర్చీ నాకు నాలుగు బారల దూరంలోనే ఉంది.

ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ముద్ద దిగక మా ఆవిడకి అంతా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు, ఏడవలేదు. అన్నయ్యని అడుగుదాం అంది. అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. ఉప్పాడ దగ్గర పల్లెలో మా మామగారు బడిపంతులుగా ఉన్నప్పుడు ఆయన దగ్గర అయిదో క్లాసు దాకా చదివినవాడు, సముద్రం మీద చేపల వేటకి వెళ్ళే ఇంటి మనిషి, తుపానులో పడవ పోయాక వర్క్ పర్మిట్ మీద ఇక్కడి షిప్‌యార్డులోకి వచ్చి వెల్డింగు చేసుకుంటున్నాడు. మా అత్తగారు పంపిన ఎండు రొయ్యల పొట్లం పట్టుకుని మొదటిసారి మా ఫ్లాటుకి వచ్చినప్పుడు గుమ్మంలోనే చెప్పులు విప్పి, చెల్లెమ్మా అని పిలిచాడు. ఆవిడ అన్నయ్య అయితే నాకు బావగారే కదా. అలాగే పిలుచుకునేవాళ్ళం, ఆయన నన్ను బావగారూ అంటే నేను ఆయన్ని బావగారూ అని. ఈ దేశంలో నన్ను వరస పెట్టి పిలిచే మనిషి ఆయనొక్కడే.

మంగళవారం ఆఫీసు అవగానే బూన్ లే వెళ్ళాను. స్టేషను నుంచి బస్సెక్కి దిగితే వాళ్ళుండే డార్మిటరీ. షిఫ్టు దిగిన మనుషుల్ని లారీలు దింపిపోతున్నాయి, ఒక్కొక్కరి మొహం మీద కళ్ళద్దాలు పెట్టుకున్న చోటు తప్ప మిగతా అంతా మసి. బావగారు కుళాయి దగ్గర మొహం కడుక్కుంటూ నా గోడు విని ముందు నవ్వాడు, తర్వాత నా మొహం చూసి నవ్వు ఆపేశాడు. అసలు చిక్కేమిటంటే ఆయనకీ గాలపు కర్ర తెలియదు. “కర్రట్టుకుని ఒడ్డున కూకునేది పిల్లకాయలండి బావగారూ. మాకు వలా, లేదంటే సేతి తాడూను.” అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది. ఆయన మాత్రం తువ్వాలుతో చెవులు తుడుచుకుంటూ కాస్త ఆలోచించి, కర్ర సంగతి తెలీకపోతే ఏమండి, సేప సంగతి తెలుసు కదా, రేపు సాయంత్రం వత్తానండి అన్నాడు.

బుధవారం వచ్చాడు. వస్తూనే మా వంటింటి కిటికీ బయట బట్టలారేసుకునే వెదురు కర్రని లోపలికి లాగి, దాని మీది నా చొక్కాలు తీసి మంచం మీద పడేసి, కొసకి నైలాను దారం కట్టాడు. దారం రెండో కొస వంటింట్లో ముక్కాలి పీట మీద కూర్చున్న మా ఆవిడ చేతికిచ్చి, చెల్లెమ్మా నువ్వు పండుగప్పవి అన్నాడు. నేను హాల్లో కర్ర పట్టుకుని కళ్ళు మూసుకోవాలి. ఆవిడ దారాన్ని వేలితో మీటితే చేప ఎరని ముక్కుతో తోస్తున్నట్టు, మెల్లిగా లాగితే నోట్లో పెట్టుకున్నట్టు, జర్రున లాగితే మింగినట్టు. ఏది ఏదో నేను చెప్పాలి. నాకు ఏదీ తెలియలేదు. వెదురు ఏం చెబుతుంది, నా మొహం! అయిదారుసార్లు తప్పు చెప్పాక నాకు ఒళ్ళు మండి కర్ర కింద పడేశాను. బావగారికి కోపం రాలేదు. కర్ర తీసేసి దారాన్ని నా చూపుడు వేలి మీద వేసి మళ్ళీ లాగమన్నాడు. ఈసారి ఆవిడ గోరు తగిలినా తెలిసింది.

“సూశారా, సేతి తాడు మీద అదేటంటందో ఏలికి తెలుత్తది. మీరు కొనే కర్ర మీ ఏలవ్వాలండి. కొస గోటితో గీకితే పిడిలో మీకు తెలవాల. తెలీని కర్ర ఎంత కరీదైనా ఒగ్గేయండి.” ఇదొక్కటే కాదు, ఇంకా చెప్పాడు. పండుగప్ప మూతి పక్కలు పల్చన, కర్ర మరీ బిరుసైతే ఒక్క గుంజుకి కొక్కెం చీల్చుకుని వచ్చేస్తుంది, కాబట్టి కొస మెత్తగా వంగాలి. కానీ అది కొక్కెం తగలగానే మడచెట్ల వేళ్ళలోకి పరుగెడుతుంది, అక్కడ దూరితే ఇక దొరకదు, కాబట్టి పిడి నుంచి సగం దాకా కర్ర గట్టిగా నిలబడాలి. దాని చెంపల రెక్క కత్తి, దారానికి తగిలితే తెగినట్టే. ఎగిరినప్పుడు మాత్రం ప్రాణం పోయినా గుంజొద్దు, కర్ర కిందికి దించి దారం వదలాలి. నేను ఆఫీసు నోట్‌బుక్కులో రాసుకుంటుంటే ఆయనకి నవ్వొచ్చింది, పరీక్షకి చదువుతున్నారా బావగారూ అన్నాడు. పరీక్షే మరి.

శనివారం బీచ్ రోడ్డు వైపు ఒక పాత కాంప్లెక్సులో, మెట్ల కింద ఉన్న దుకాణానికి తీసుకెళ్ళాడు మేనేజరు. నేల నుంచి కప్పు దాకా కర్రలే. దుకాణం ముసలాయన మూడు కర్రలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి లావుగా, బంగారు రంగు చుట్లతో పెళ్ళికొడుకులా ఉంది. మేనేజరు చెయ్యి దాని మీదికే పోయింది. ఔనంటే ఆయన మెచ్చుకుంటాడు, రేపు చేప తప్పిపోతే నన్ను తప్పు పడతాడు. కాదంటే ఎందుకని అడుగుతాడు. అడిగితే నేను బుధవారం నేర్చుకున్నది తప్ప ఇంకొక్క ముక్క నాకు రాదు. ఏమైతే అదవుతుందని మూడింటినీ ఒక్కొక్కటే పట్టుకుని కళ్ళు మూసుకుని, ముసలాయన్ని కొసలు గోటితో గీకమన్నాను.

పెళ్ళికొడుకు ఏమీ చెప్పలేదు, రోకలి పట్టుకున్నట్టుంది. రెండోది మరీ మెత్తన, గీకింది తెలిసింది గానీ కొసని కప్పుకి ఆనించి వంచితే పిడి దాకా వంగిపోయింది. మూడోది ఏ రంగూ లేని బూడిదరంగు కర్ర, ఏడడుగులు ఉంటుందేమో. ముసలాయన గోరు తాకగానే నా అరచేతిలో చీమ నడిచినట్టయింది. కప్పుకి ఆనించి నొక్కితే పైన మూడో వంతు వంగి అక్కడితో ఆగింది. ఇది, అన్నాను. ఎందుకని అడిగాడు మేనేజరు. చేప మూతి సంగతీ, మడ వేళ్ళ సంగతీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన పర్సు తీసి డబ్బు కట్టేశాడు. ముసలాయన మాత్రం చైనీసులో ఏదో అని తల ఊపాడు. ఆ ఊపు మంచిదో చెడ్డదో తెలియక ఇంటికొచ్చేదాకా చచ్చాను. ఇంటికొచ్చి మా ఆవిడతో అంటే, పరవాలేదులెండి, రేపు అన్నయ్య కూడా అటొస్తానన్నాడు అంది. ఎందుకొచ్చిన గొడవ, వద్దని చెప్పు అని విసుక్కున్నాను. చెప్పడానికి ఆయనకి ఫోనెక్కడిది?

ఆదివారం మొదటి రైలెక్కాను. ఆ రోజుల్లో ఆ లైనుకి ఒక చివర బూన్ లే, ఇంకో చివర పాసిర్ రిస్. నేను ఎక్కే జురాంగ్ ఈస్ట్ నుంచే గంట ప్రయాణం. మేనేజరు అప్పటికే ఒడ్డుకి చేరి, ఏరు సముద్రంలో కలిసే చోట రాళ్ళ మీద సామాను సర్దుతున్నాడు. పాటు తిరిగి నీళ్ళు లోపలికి వస్తున్నాయి. ఎదురుగా దూరాన చేపల పెంపకం తెప్పలు, ఎడమ పక్క మడచెట్లు. ఆయన రొయ్యని కొక్కేనికి గుచ్చి కర్ర నా చేతిలో పెట్టి, నువ్వే ముందు, అన్నాడు. నేను విసిరిన మొదటిసారి రొయ్య నా వెనకే పడింది. రెండోసారి నీళ్ళలో పడింది. ఆయన చూశాడో లేదో, తన దగ్గరున్న ఇంకో పాత కర్ర సర్దుకుంటున్నాడు.

అరగంట గడిచింది. వెనక్కి తిరిగి చూస్తే సర్వీ చెట్ల కింద బావగారు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా తొడుక్కుని, చేతిలో ఐస్‌క్రీం డబ్బాలో తడిగుడ్డ కప్పిన బతికున్న రొయ్యలతో నిలబడి ఉన్నాడు. వారానికి దొరికే ఒక్క సెలవు రోజున, ఆ చివర నుంచి ఈ చివరకి వచ్చాడు. నాకు సంతోషం కలగలేదు, అదీ నిజం. మేనేజరు చూస్తే ఏమనుకుంటాడో అన్న బెదురే కలిగింది. కళ్ళతోనే దూరంగా ఉండమన్నాను. ఆయన తల ఊపి అక్కడే నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడే నా అరచేతిలో చీమ నడిచింది.

ముక్కుతో తోస్తోంది. నేను కదలలేదు. మళ్ళీ తోసింది. తర్వాత మెత్తని బరువు, మా ఆవిడ వంటింట్లోంచి మెల్లిగా లాగినట్టే. నోట్లో పెట్టుకుంది, ఇంకా మింగలేదు, మింగలేదు అని లోపల అనుకుంటూనే ఉన్నాను. జర్రున దారం పోయింది. కర్ర ఎత్తాను. ఎవరో నా రెండు చేతులూ పట్టుకుని సముద్రంలోకి గుంజినట్టయింది. అది తిన్నగా మడచెట్ల వైపు దౌడు తీసింది. ఆ బూడిదరంగు కర్ర సగం దాకా వంగి అక్కడ నిలబడిపోయింది, నేనూ పళ్ళు బిగించి నిలబడ్డాను. మడ వేళ్ళకి బారెడు దూరంలో చేప తిరిగింది. తిరిగీ తిరగడంతోనే నీళ్ళు పగిలి ఇంత తల పైకి లేచింది, తెల్లగా, నోరు తెరుచుకుని. నేను రాసుకున్నదంతా మర్చిపోయాను. గుంజబోయాను. వెనక నుంచి కేక వచ్చింది.

“దించండి బావగారూ! కర్ర దించండి! ఒగ్గేయండి దారం!”

దించాను. అది తల విదిలించి, కొక్కెం ఊడక, నీళ్ళలో పడింది. ఇంకో రెండుసార్లు ఎగిరింది, రెండుసార్లూ దించాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. చివరికి మేనేజరు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి వలబుట్టతో దాన్ని ఎత్తినప్పుడు నేను రాయి మీద కూలబడ్డాను. ఏడాది పసిపిల్లాడంత చేప. మేనేజరు మొహంలో మొదటిసారి నవ్వు చూశాను. ఆయన నవ్వుతూనే నా భుజం మీదుగా వెనక్కి చూశాడు. బావగారు కేక వేసిన ఊపులో రాళ్ళ దాకా పరుగెత్తుకొచ్చేశాడు, మోచేతుల దాకా వెల్డింగు నిప్పురవ్వల మచ్చలు, మొహం నిండా ఆనందం.

“యువర్ ఫ్రెండ్, ఆ?” అని అడిగాడు మేనేజరు.

ఒక్క క్షణం. ఆ క్షణంలో నాకు తట్టిందంతా ఇదీ: ఔనంటే ఎవరని అడుగుతాడు, నీకు చెప్పి చేయించింది ఇతనే కదా అంటాడు, కాగితం తీస్తాడు, నాలుగేళ్ళ దగ్గర ఆగుతాడు, మా ఆవిడ విమానంలో. ఇంగ్లీషులో గబగబా చెప్పేశాను, లేదు లేదు, ఎవరో షిప్‌యార్డు వర్కరు, నాకు తెలియదు అని. ఆరేళ్ళు ఈ దేశంలో పనిచేసిన మనిషికి ఆ నాలుగు ముక్కలు అర్థం కాకుండా ఎలా ఉంటాయి? బావగారి మొహంలో ఆనందం అలాగే ఉంది, కళ్ళు మాత్రం నా మీద నుంచి చేప మీదికి వెళ్ళిపోయాయి. రొయ్యల డబ్బాని రాయి మీద పెట్టాడు. “గుడ్ ఫిష్, సార్” అన్నాడు నాతో. నా అబద్ధానికి తనూ ఒక చెయ్యి వేసి, దాన్ని నిజం చేసి, స్టేషను వైపు నడిచి వెళ్ళిపోయాడు.

మేనేజరు చేపని శుభ్రం చేస్తూ మామూలు గొంతుతో మాట్లాడుతూ పోయాడు. మీ ఏజెంటు నాకు పంపిన మూడు కాగితాల్లోనూ హాబీ చేపలు పట్టడమే, ముగ్గురికీ అక్షరం తేడా లేదు, చదివి ఎంత నవ్వుకున్నానో అన్నాడు. మిగతా ఇద్దరికీ ఒక్క చేప పేరు కూడా రాలేదట, నాకు కనీసం సియకాప్ ఎలా ఉంటుందో తెలుసట. అనుభవం సంగతి మొదటి నెలలోనే తెలిసిపోయిందట, పని నేర్చుకున్నాను కాబట్టి ఊరుకున్నాడట. రెన్యువల్ కాగితం మీద శుక్రవారమే సంతకం పెట్టేశాడట. కర్ర విరిగింది నిజమే, తోడు ఎవరూ లేక పిలిచాడు, అంతే. “వై యు సో స్కేర్డ్, లా?” అని నవ్వాడు. నేను లేచి స్టేషను వైపు చూశాను. దారిలో ఎవరూ లేరు.

చేపని నాకే ఇచ్చాడు. ఇంటికి పట్టుకెళ్ళి, పాస్ వచ్చిందని మా ఆవిడకి చెప్పాను. ఆవిడ పొట్ట మీద చెయ్యి వేసుకుని బావురుమంది. ఏడుపు ఆగాక, అన్నయ్య ఏడీ, భోజనానికి తీసుకురాలేదేం అంది. దాచిపెట్టొచ్చు. కానీ ఆ రోజుకి నా అబద్ధాల కోటా అయిపోయింది, జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి చింతపండు నానేసి, తల, తోక, నడుం ముక్కలు అన్నీ వేసి పులుసు పెట్టి, ఒక్క ముక్కైనా మాకు ఉంచకుండా మొత్తం క్యారియరుకి సర్ది నా చేతిలో పెట్టింది. వెళ్ళి ఆయనతో కలిసి తిని రండి, ఆయన తినకపోతే మీరూ తినొద్దు అంది.

బూన్ లే వెళ్ళాను. బావగారు తిన్నాడు. గదిలో నలుగురికీ పెట్టాడు, చెల్లెమ్మ చేతి పులుసు అని చెప్పి మరీ పెట్టాడు. కర్ర బాగా ఎంచారు అన్నాడు. నేను క్షమించమని అడగబోతే అడ్డుపడి, చెల్లెమ్మ ఈ స్థితిలో ఉండగా మీరేటి సేత్తారు, నానైనా అదే సేద్దును అన్నాడు. ఎక్కడా ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. వెళ్ళేటప్పుడు బస్సు దాకా వచ్చి, జాగర్త సార్ అన్నాడు. ఎవరూ వినే చోటు కాదది, మేమిద్దరమే ఉన్నాం. బావగారూ అని పిలవండి అని నోటి దాకా వచ్చింది. ఏ మొహంతో అడగను?

మా అమ్మాయి పుట్టినప్పుడు షిఫ్టు మార్చుకుని వచ్చి చూశాడు, చెల్లెమ్మకి ఎండు రొయ్యలు తెచ్చాడు. నన్ను సార్ అన్నాడు. ఇంకో రెండేళ్ళకి పర్మిట్ అయిపోయి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళు మా ఆవిడకి పండగలకి ఫోను చేసేవాడు, తర్వాత వాళ్ళ పల్లెలో ముందు వరస ఇళ్ళని సముద్రం తీసుకుపోయిందనీ, వాళ్ళు ఎటో వెళ్ళారనీ విన్నాం. ఆ నంబరు ఇప్పుడు పనిచెయ్యదు.

ఈ కథని నేను ఇక్కడి స్నేహితుల మధ్య చాలాసార్లు చెప్పాను. చేప ఎగరడం, నేను కర్ర దించడం, మేనేజరు మూడు కాగితాల సంగతి చెప్పి నవ్వడం. అందరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళు. మా ఆవిడ మాత్రం ఆ సమయానికి లేచి ప్లేట్లు తియ్యడానికి వెళ్ళిపోయేది, ఎందుకంటే నేను చెప్పే కథలో సర్వీ చెట్ల కింద ఎవరూ ఉండేవారు కాదు. ఇప్పుడు ఆ రైలు బూన్ లే దాటి ఇంకా ముందుకి పోతోంది. కొత్తగా వచ్చే మన పిల్లలకి నిజమైన చదువులే ఉన్నాయి, కాగితంలో ఏదీ పెంచి రాసుకోనక్కర్లేదు, చూస్తే ముచ్చటేస్తుంది. తెలుగువాళ్ళ సభల్లో షిప్‌యార్డుల నుంచి వచ్చినవాళ్ళు చివరి వరసల్లో కూర్చుంటారు, వెళ్ళి నేనే వడ్డిస్తాను, ఏ ఊరు బాబూ అంటాను, వాళ్ళు లేచి నిలబడి సార్ అంటారు. నాకిప్పుడు పాస్ గొడవ లేదు, ఈ దేశం మనిషినే అయిపోయాను, ఎవరికీ భయపడక్కర్లేదు. ఆ మేనేజరు పోయి చాలా ఏళ్ళయింది. మీ వాడా అని ఇవాళ ఎవరైనా అడిగితే, ఔను, మా బావగారు, నాకు కర్ర ఎంచడం నేర్పింది ఈయనే అని నలుగురిలో గట్టిగా చెప్పగలను. అడిగేవాళ్ళే లేరు.